పేరు లేని మోత

నూజివీడు,
7 ఏప్రిల్ 1988.

చిరంజీవి దుర్గకు,

మావయ్య యలమంద దీవించి రాస్తున్నాడు. ఇంట్లో అందరం బాగున్నాం. మీ అమ్మ బాగుంది, రోజూ ముఠాతో కోతకు వెళుతోంది. బాగా లేనిదల్లా నువ్వు ఫిబ్రవరిలో తెచ్చి మా మామిడి రైతుల సంఘం ఆఫీసులో బిగించి వెళ్లిన కంప్యూటరే.

నువ్వు చెప్పినట్టే అన్నీ చేస్తున్నాను. ఎవరైనా తోటకు పురుగుమందు కొట్టిస్తే ఆ తేదీ పెట్టెలో ఎక్కిస్తున్నాను. కోతకు ముఠాను, బుట్టలను పంపమని రైతు వస్తే, తోట పేరు కొట్టి కోత చీటీ తీసి ఇస్తున్నాను. మందు కొట్టి పదిహేను రోజులు కాని తోటకు పొరపాటున చీటీ తీయబోతే పెట్టె మూడుసార్లు కుయ్యిమని, తెర మీద ఆ తోట పేరు చూపించాలి కదా. మార్చిలో రెండుసార్లు అలాగే మోగింది. చీటీలు ఆపేశాను. ఆ మాట అధ్యక్షులు బసవపున్నారావు గారికి చెబితే "మీ మేనకోడలు గట్టిదేనయ్యా" అన్నారు. ఆ రోజంతా కాలరు ఎగరేసుకుని తిరిగాను.

మొన్న మంగళవారం నా కాలరు దిగిపోయింది. ఈ ఏడు మందన్నదే కొట్టని తోటకు చీటీ తీస్తుంటే కుయ్ కుయ్ కుయ్. తెర మీద ఏ పేరూ లేదు. ఇంకో తోట కొట్టాను. మళ్లీ కుయ్ కుయ్ కుయ్, మళ్లీ పేరు లేదు. ఆ పూట పదకొండు చీటీలు తీస్తే పదకొండుసార్లూ మోగింది. బల్ల ముందున్న రైతుల్లో ఒకాయన "ఏంటయ్యా యలమందా, పెట్టెలో కోడిపిల్లని గానీ పెట్టావా?" అన్నాడు. అందరూ నవ్వారు. బుధవారం పొద్దున్నకు అది ఏమీ ఎరగనట్టు ఊరుకుంది.

ముప్పై ఏళ్లు చేత్తో పుస్తకం రాశాను. అది ఏనాడూ నన్ను చూసి కూయలేదు. ఏం చెయ్యాలో వెంటనే రాయి.

మీ మావయ్య,
యలమంద.


హైదరాబాదు,
11 ఏప్రిల్ 1988.

మావయ్యకు,

దుర్గ నమస్కారాలు. కోడిపిల్ల దాకా చదివి పకపకా నవ్వాను. ఉత్తరం మడిచాక నవ్వు పోయింది. పేరు చూపించకుండా మోగడమన్నది నేను రాసిన ప్రోగ్రాంలో జరగడానికి వీల్లేదు.

నాకు మొదటి అనుమానం తేదీ మీద. పెట్టె వేసినప్పుడల్లా తేదీ అడుగుతుంది కదా, నెల ముందు, తేదీ తర్వాత కొట్టాలి. మనం రాసే అలవాటులో తిరగేసి కొడితే ఏప్రిల్ అయిదు కాస్తా మే నాలుగవుతుంది. కరెంటు పోయి వచ్చాక కూడా అది మళ్లీ అడుగుతుంది. విసుగొచ్చి ఉత్తినే ఎంటర్ నొక్కేస్తే 1980 జనవరి ఒకటి అనుకుని కూర్చుంటుంది. ఏది మరిచినా ఫరవాలేదు గానీ, తేదీ మాత్రం సరిగ్గా ఉండాలి మావయ్యా. మిగతాదంతా దాని మీదే నిలబడింది. ఇక నుంచి అది అలా ఊరికే మోగిన రోజులు ఒక కాగితం మీద రాసిపెట్టి పంపు.

ఆ మోత నాకు ఆటవస్తువు కాదని నీకు తెలుసు. మూడేళ్ల కిందట మందు ఆరని తోటలో కాయలు ఏరి అమ్మ పదకొండు రోజులు ఆసుపత్రిలో పడుకుంది. మామిడి సొన పడి కళ్లు మండుతున్నాయనుకుని రెండో రోజూ అదే తోటకు వెళ్లింది. నువ్వు చీటీ తీసేటప్పుడు ప్రింటరు వైపే చూస్తావు, తెర వైపు చూడవు. అందుకే చెవిన పడేలా మోత పెట్టాను. మోగడం కాదు, అసలు చీటీయే రాకుండా చేస్తానంటే మీ బసవపున్నారావు గారే ఒప్పుకోలేదు. రైతుకు కాదని చెప్పాల్సింది మనిషే గానీ మిషను కాదన్నారు.

ఇంకో మాట. మే నెలాఖరుకు ఇక్కడ నా ఏడాది పూర్తవుతుంది. నన్ను పర్మనెంట్ చేస్తారో లేదో అప్పుడు తేలుతుంది. పూర్తిగా నా చేత్తో రాసిన ప్రోగ్రాం ఇదొక్కటే. అమ్మతో ఈ సంగతి అనకు.

దుర్గ.


నూజివీడు,
20 ఏప్రిల్ 1988.

చిరంజీవి దుర్గకు,

నువ్వు అడిగిన పట్టీ ఇదిగో. ఏప్రిల్ అయిదు, పన్నెండు, పదహారు, నిన్న పంతొమ్మిది. ఈ నాలుగు రోజులే. మిగతా రోజుల్లో బుద్ధిగా ఉంది.

పొద్దున్నే పెట్టె అడిగే తేదీ నెల ముందు, తేదీ తర్వాత, తప్పు లేకుండా కొడుతున్నాను. మర్చిపోకుండా బల్లకు కాగితం అంటించుకున్నాను కూడా. కరెంటు రోజుకు మూడుసార్లు పోతోంది. వచ్చాక ఉత్తినే ఎంటర్ నొక్కే పని నేనెప్పుడూ చేయలేదు. కాబట్టి ఆ అనుమానం కొట్టెయ్యి.

నేను చేయగలిగినవి నేనూ చేశాను. పెట్టె వెనక బూజు దులిపాను. గాలి తగలడం లేదేమోనని కిటికీ పక్కకు జరిపాను. రేడియోలు బాగుచేసే పరదేశిని పిలిపిస్తే మూత విప్పి చూసి, "ఇందులో బుల్లి స్పీకరుందండీ. రెండు తీగెలు పీకేస్తే ఇక జన్మలో కూయదు" అన్నాడు. పీకమందామని నోటిదాకా వచ్చింది. మీ అమ్మ గుర్తొచ్చి, మూత బిగించేయమన్నాను.

మీ అమ్మకు కూడా చెప్పాను, ఊరికే మోగుతోందని. గోంగూర వలుస్తూ తలెత్తకుండా, "ఊరికే ఎందుకు మోగుద్ది? దానికేదో తెలిసే మోగుతుంటది" అంది. మీ అమ్మకు నీ మీద ఉన్న నమ్మకం పెట్టె మీదకు కూడా పాకింది.

బసవపున్నారావు గారికి మాత్రం చిరాకెత్తింది. విజయవాడ నుంచి వచ్చిన వ్యాపారి ముందు అది మోగితే, "ఏంటండీ, కాయలో ఏమన్నా తేడా ఉందా?" అని అడిగాడట. మీ కంపెనీకి ఫిర్యాదు రాస్తానంటున్నారు. రెండు వారాలు ఆగమని బతిమాలాను. ఆగారు. ఎంతకాలం ఆగుతారో చెప్పలేను.

యలమంద.


హైదరాబాదు,
25 ఏప్రిల్ 1988.

మావయ్యకు,

నువ్వు నిజంగా కష్టపడుతున్నావు. నేనూ పడుతున్నాను. మీ సంఘం తోటలన్నిటి పేర్లూ ఇక్కడి మిషనులో ఎక్కించి మూడు రోజులు వరసగా చీటీలు తీశాను. ఒక్కసారి కూడా ఉత్తుత్తిగా మోగలేదు. అంటే ఇక్కడ నేను చేయని పనేదో అక్కడ జరుగుతోంది.

నీ పట్టీ ముందు పెట్టుకుని చూస్తుంటే ఒకటి కనిపించింది. అయిదు, పన్నెండు, పంతొమ్మిది, మూడూ మంగళవారాలే. పట్టుకున్నాననుకున్నాను. పదహారు శనివారం వచ్చి చెడగొట్టింది. మంగళవారాల్లో మీ ఆఫీసులో ప్రత్యేకంగా ఏం జరుగుతుంది? ఆ శనివారం ఏం జరిగింది? ఎంత చిన్న సంగతైనా రాయి. ఎవరు వచ్చారు, ఎన్ని చీటీలు తీశావు, పెట్టెను ఎన్నిసార్లు ఆపి వేశావు, అన్నీ.

మావయ్యా, నిజం చెప్పు. తేదీ ఎవరైనా మారుస్తున్నారా? మార్చినా నేను తిట్టను. తెలిస్తే చాలు.

మా మేనేజరు మొన్న పిలిచి, "ఆ మోత లేకపోతే కొంప మునుగుతుందా?" అని అడిగాడు. మునుగుతుందనే చెప్పాను. ఆయనకు నచ్చలేదు.

దుర్గ.


నూజివీడు,
30 ఏప్రిల్ 1988.

చిరంజీవి దుర్గకు,

మంగళవారం అంటే మంగళవారమే. ఆ రోజు కూడా ఆఫీసు ఊడుస్తారు, టీ వస్తుంది, రైతులొస్తారు, నేను చీటీలు తీస్తాను. ఆంజనేయస్వామి గుళ్లో మైకు పెడతారు. ఆ మైకుకూ నీ పెట్టెకూ ఏమైనా చుట్టరికం ఉందేమో నువ్వే చూడాలి. పదహారో తేదీ శనివారం కూడా చెప్పుకోదగ్గ విశేషమేమీ లేదు.

తేదీ సంగతి పోయిన ఉత్తరంలోనే రాశాను. అడిగిందే అడిగితే మావయ్య మీద నమ్మకం లేనట్టుంటుంది. చిన్నప్పుడు నీకు ఎక్కాలు నేర్పింది నేనే.

మొన్న ఇరవై ఆరున మళ్లీ మోగింది. అవును, మంగళవారమే. బసవపున్నారావు గారు ఇక ఆగలేదు. ఫిర్యాదు రాయించారు. సంఘంలో టైపు చేసేది నేనొక్కణ్నే కాబట్టి "మీరు పంపిన ప్రోగ్రాం లోపభూయిష్టంగా ఉన్నది" అన్న వాక్యం నా చేతులతోనే కొట్టాను. సంతకం ఆయనది. పోస్టులో వేసింది కూడా నేనే. డబ్బా దగ్గర కాసేపు నిలబడ్డాను గానీ వేయక తప్పలేదు.

నీకు అన్నం సరిగ్గా దొరుకుతోందా? మీ అమ్మ చిన్న రసాలు ఒక బుట్ట పంపుతానంటోంది.

యలమంద.


హైదరాబాదు,
4 మే 1988.

మావయ్యకు,

దీనితోపాటు రిజిస్టరు పోస్టులో కొత్త ఫ్లాపీ వస్తుంది. పాతది తీసేసి దాన్ని పెట్టు. ఇక ఊరికే మోగదు. సరిచేశాను.

బసవపున్నారావు గారి ఉత్తరం అందింది. కొత్తది బాగుందని ఆయన చేత నాలుగు ముక్కలు రాయించి మా మేనేజరుకు పంపించగలిగితే మేలు. వీలైతే ఈ వారంలోనే.

చీటీ తీసేటప్పుడు తెర వైపు కూడా ఒకసారి చూస్తూ ఉండు. అలవాటు చేసుకో.

మామిడిపళ్లు ఇప్పుడు వద్దను. జూన్‌లో నేనే వచ్చి తింటాను.

దుర్గ.


నూజివీడు,
9 మే 1988.

చిరంజీవి దుర్గకు,

శుక్రవారం నీ ఫ్లాపీ పెట్టాను. ఇవాళ సోమవారం, ఇప్పటిదాకా కిక్కురుమనలేదు. అసలు పరీక్ష రేపు మంగళవారమే అనుకో. అయినా నాకు ధైర్యంగానే ఉంది. మేనకోడలు సరిచేశానని రాస్తే సరిచేసినట్టే.

బసవపున్నారావు గారు సంతోషించారు. నువ్వు అడిగిన నాలుగు ముక్కలు కాదు, పది ముక్కలు రాయించారు. ఈసారి టైపు కొట్టడానికి చేతులు వాటంతటవే ఆడాయి. ఉత్తరం మీ మేనేజరుకు ఈ పూటే వెళ్లిపోయింది. నువ్వు వద్దన్నా, పర్మనెంట్ కబురు మీ అమ్మకు చూచాయగా చెప్పేశాను. తిట్టుకో.

తోటల్లో పని ముమ్మరంగా ఉంది. పండు ఈగ ఎక్కువైందని చాలామంది మందు కొట్టిస్తున్నారు. ఎప్పటికప్పుడు ఎక్కిస్తున్నాను. మీ అమ్మ వాళ్ల ముఠా ఎల్లుండి ముసునూరు వైపు దిగుతుందట. బంగినపల్లి కాపు విరగకాసింది.

యలమంద.


హైదరాబాదు,
11 మే 1988.

మావయ్యకు,

నిన్నటి నుంచి సంఘం ఫోనుకు మూడుసార్లు ట్రంకాల్ బుక్ చేశాను. లైను దొరకడం లేదంటున్నారు. అందుకే రాస్తున్నాను. ఇది అందగానే కొత్త ఫ్లాపీ తీసేసి పాతది పెట్టు. మిగతా ఉత్తరం తర్వాత చదువు.

నేను సరిచేయలేదు. సరిచేశానని నీకు అబద్ధం రాశాను. లోపమెక్కడుందో నాకు దొరకలేదు. ఫిర్యాదు వచ్చిన రోజు మేనేజరు నన్ను నిలబెట్టి, మోత తీసేసి పంపు, లేదా ప్రోగ్రాం వేరే వాళ్లకు ఇచ్చేస్తానన్నాడు. ప్రోగ్రాంలో దాన్ని మోగించే వరసలు రెండే రెండు. తీసేశాను. పరదేశి తీగెలు పీకుతానంటే నువ్వు ఒప్పుకోలేదు. నేను ఇక్కడ కూర్చుని అదే పని చేశాను. తెర మీద పేరు ఎలాగూ వస్తుంది కదా, నువ్వు చూసుకుంటావులే అని నాకు నేను చెప్పుకున్నాను. నువ్వు చూడవని నాకు తెలుసు.

ఇప్పుడు లోపం దొరికింది. నా తెలివితో కాదు. నిన్న నేను అద్దెకుంటున్న ఇంటావిడ సీతారావమ్మ గారికి కొత్త స్టవ్ వచ్చింది. వెలిగించి చూపించమంటే, "మంగళవారం పూట కొత్త పొయ్యి వెలిగిస్తారా ఎవరైనా? రేపు చూద్దాంలే" అంది.  గోడ మీది క్యాలెండరు దగ్గరకు వెళ్లి ఏప్రిల్ తిప్పాను. పదహారు, శనివారం, అమావాస్య.

మంగళవారం తేదీతో తొలి కోత చీటీ ఎవరూ పుచ్చుకోరు కదా మావయ్యా? అమావాస్య నాడూ పుచ్చుకోరు. నువ్వు పెట్టె ఆపి, మళ్లీ వేసి, వెనకటి మంచి రోజు తేదీ కొట్టి చీటీలు తీస్తున్నావు. అవునా? నిన్న మందు కొట్టిన తోట ఉండగా నువ్వు మొన్నటి తేదీ పెడితే, పెట్టె దృష్టిలో ఆ మందు ఇంకా కొట్టనే లేదు. ముందుకున్న తేదీ ఎక్కడ కనిపించినా అది మోగుతుంది. ఏ పేరు చూపాలో మాత్రం దానికి తెలియదు, ఎందుకంటే తేదీ వెనక్కి వెళుతుందని నేను ఎక్కడా రాయలేదు. మనూళ్లో పుట్టి, మనూళ్లో పెరిగి, మంగళవారం సంగతి నాకు తోచలేదు.

అంటే ఆ పేరు లేని మోత ఉత్తుత్తిది కాదు. దగ్గర్లో ఎక్కడో మందు కొట్టిన తోట ఉందనే అది చెబుతోంది. ఇప్పుడు పేరూ రాదు, మోతా రాదు. పాత ఫ్లాపీ పెట్టేదాకా చీటీలు ఆపు.

దుర్గ.


నూజివీడు,
13 మే 1988.

చిరంజీవి దుర్గకు,

ముందు ఈ మాట చదువు. మీ అమ్మ ప్రాణానికి ప్రమాదం లేదని డాక్టరు గారు చెప్పారు. ఇప్పుడు మిగతాది చదువు.

బుధవారం ముసునూరు దారిలోని ఆంజనేయులు గారి తోటలో కోతకు దిగారు. మధ్యాహ్నానికల్లా ముఠా మేస్త్రీ చిన్నరాయప్ప వాంతులు చేసుకున్నాడు. చెట్ల కింద కాయలు ఏరే ఆడవాళ్లలో అయిదుగురికి కళ్లు మండి నీళ్లు కారాయి. మీ అమ్మ చీర చెంగుతో తుడుచుకుంటూ, "సొనలే, పనవ్వనియ్యండి" అందట. సాయంత్రానికి కళ్లు మూసుకుపోయాయి. ట్రాక్టరు మీద ఆసుపత్రికి తెచ్చారు. మిగతావాళ్లు నిన్న ఇంటికి వెళ్లారు. మీ అమ్మ ఇంకా అక్కడే ఉంది. రెండు కళ్లకూ కట్టు కట్టారు. చూపు పోదంటున్నారు గానీ, కుడికన్ను తేరుకోవడానికి నెల పడుతుందట.

ఆ తోటకు శనివారం మందు కొట్టారు. కొట్టించినవాడు ఆంజనేయులు గారి పెద్దకొడుకు. వచ్చి చెప్పాడు, నేను ఎక్కించాను. మంగళవారం చీటీ కావాలని వచ్చింది ఆంజనేయులు గారు. తండ్రీ కొడుకులు ఉగాది నుంచి మాట్లాడుకోవడం లేదు. ఆ పెద్దాయనకు మందు సంగతే తెలియదు. తెలిసినవాణ్ని నేను. కానీ ఏ తోటకు ఎప్పుడు కొట్టారో గుర్తుపెట్టుకోవడం నేను మానేసి మూడు నెలలైంది, పెట్టె చూసుకుంటుంది కదా అని.

నువ్వు తేదీ గురించి రెండుసార్లు అడిగావు. రెండుసార్లూ నేను నిజం రాయలేదు. పొద్దున్న సరైన తేదీయే కొడతాను, అంతవరకే రాశాను. పదకొండు గంటలకు ఏం చేస్తానో రాయలేదు. మంగళవారం తేదీ వేస్తే చీటీ పుచ్చుకునే రైతు ఈ చుట్టుపక్కల లేడు. పుస్తకం ఉన్నప్పుడు ముందు రోజు కింద రెండు గీతలు ఖాళీ వదిలేవాణ్ని, మంగళవారం చీటీలు అక్కడ రాసేవాణ్ని. నీ పెట్టెలో ఖాళీ వదలడం కుదరదు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా అది తేదీ అడగడం చూసి నాకు ఉపాయం తట్టింది. ఆపి, వేసి, మంచి తేదీ కొట్టి చీటీలు తీయడం, మళ్లీ ఆపి, వేసి, అసలు తేదీ కొట్టడం.

ఈ మంగళవారం ఇంకా వెనక్కి వెళ్లాను. సోమవారం అష్టమి, ఆదివారం సెలవు, శనివారం ఎవరికీ నచ్చదు. అందుకని శుక్రవారం ఆరో తేదీ వేశాను. మందు కొట్టింది శనివారం ఏడున.

మొదటి ఉత్తరంలోనే నువ్వు "ఏది మరిచినా తేదీ సరిగ్గా ఉండాలి" అని రాశావు. అది చదివినప్పుడే నీకు నిజం రాసి ఉండాల్సింది. ఎక్కాలు నేర్పిన మావయ్య నీ దగ్గర తప్పు ఒప్పుకోవడమా అని సిగ్గేసింది. ఆ సిగ్గు మీ అమ్మ కళ్ల మీదకు వచ్చింది.

ఒక్కటి మాత్రం నాకు అంతుపట్టడం లేదు. ఇంతకుముందు తేదీ వెనక్కి తిప్పినప్పుడల్లా పెట్టె మోగేది. ఈసారి ఎందుకు మోగలేదు? మోగి ఉంటే విసుక్కునైనా ఆగేవాణ్నేమో. నువ్వు సరిచేశాక కూడా ఇలా ఎందుకైంది?

నీకు పర్మనెంట్ అయ్యేదాకా కబురు చేయొద్దని మీ అమ్మ ఒట్టు పెట్టించుకుంది. ఒకసారి దాచి చూశాను, చాలు. ఒట్టు తీసి గట్టున పెట్టి రాస్తున్నాను.

యలమంద.


హైదరాబాదు,
28 మే 1988.

మావయ్యకు,

నమస్కారం. క్షేమంగా చేరాను. అక్కడున్న మూడు రోజులూ నువ్వూ నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా తిరిగాం. ఎవరి తప్పు ఎక్కువ అని ఎంత ఆలోచించినా తేలదు. నీ తేదీ, నా మోత, రెండూ కలిస్తేనే ఇలా అయింది. రెంట్లో ఏ ఒక్కటి జరగకపోయినా అమ్మ ఆ తోటలోకి వెళ్లేది కాదేమో.

అమ్మ కట్టు మారుస్తున్నప్పుడు చెప్పాను, మోత తీసేసింది నేనేనని.  "అన్నం తిన్నావా?" అని అడిగింది. రెండు దెబ్బలు వేసి ఉంటే బాగుండేది.

ఇక్కడికి రాగానే మేనేజరుకు కాగితం మీద రాసి ఇచ్చాను. ఏం తీసేశానో, ఎందుకు తీసేశానో, ఏం జరిగిందో, అన్నీ. తీసేయమన్నది తానే కాబట్టి ఆయన ఎక్కువ మాట్లాడలేదు. నన్ను పర్మనెంట్ చేయలేదు, తీసేయనూ లేదు. ఇంకో ఆరు నెలలు చూస్తామన్నారు. చూడనీ.

ఈ ఫ్లాపీ నిజంగా సరిచేసింది. ఇక నీకు తేదీ తిప్పే అవసరం లేదు. చీటీ మీద ఏ తేదీ వేయాలని అది విడిగా అడుగుతుంది. రైతుకు నచ్చిన మంచి రోజు అక్కడ కొట్టు, ఎన్ని మంగళవారాలైనా తప్పించు, అది ఏమీ అనుకోదు. మందు గడువు మాత్రం అసలు తేదీతోనే చూసుకుంటుంది. అసలు తేదీ వెనక్కి పెడితే మోగడం మొదలుపెట్టి, సరైనది కొట్టేదాకా ఆపదు. మోత మునుపటి కన్నా పెద్దది చేశాను. చీటీ తీసేటప్పుడు పేరు లేకుండా ఇక మోగదు.

అమ్మ కంటి చుక్కలు రోజుకు మూడుసార్లు. మర్చిపోనివ్వకు.

దుర్గ.


నూజివీడు,
8 జూన్ 1988.

చిరంజీవి దుర్గకు,

ఫ్లాపీ పెట్టాను. నిన్న మంగళవారం తొమ్మిది చీటీలు తీశాను, అన్నిటి మీదా సోమవారం తేదీయే. రైతులు చూసి కళ్లకద్దుకున్నారు. పెట్టె లోపల మాత్రం మంగళవారమే. ఒక్క తోటకు మోగింది, పేరు చూపించింది, చీటీ ఆపేశాను. ఆ రైతు గొణిగాడు. గొణుక్కోనీ.

సంఘం మీటింగులో లేచి నిలబడి తేదీల సంగతి అందరి ముందూ చెప్పాను. బసవపున్నారావు గారు తల పట్టుకున్నారు. "ముప్పై ఏళ్ల మనిషివి, నిన్నేమనాలయ్యా?" అన్నారు. ఉద్యోగం ఉంచారు. ఆంజనేయులు గారూ, ఆయన కొడుకూ ఆసుపత్రి వరండాలో మొదటిసారి మాట్లాడుకున్నారు, అదీ తిట్టుకోవడమే అనుకో.

మీ అమ్మ పోయిన గురువారం ఆఫీసుకు వచ్చింది. కుడికంటికి నల్లద్దం, చేతిలో గొడుగు. గుమ్మం దగ్గరే నిలబడి, "ఏదీ, అది ఎట్టా మోగుద్దో నన్నిననియ్యి" అంది. మందు గడువులో ఉన్న తోట పేరొకటి కొట్టాను. మూడుసార్లు కుయ్యిమంది. "ఇంకోసారి" అంది మీ అమ్మ. మళ్లీ కొట్టాను. "ఇంతేనా?" అంది. ఇంతే అన్నాను. "ఈ కాస్త చప్పుడికా మీరంతా అంత ఇదైపోయింది?" అంది. లేచి నా బల్ల పక్కన స్టూలు వేశాను.

ఆ రోజు నుంచి ముఠా వాళ్లు ఒక కట్టడి చేసుకున్నారు. చీటీ ఇప్పుడు రైతు చేతికి కాదు, మీ అమ్మ చేతికి ఇవ్వాలి. కన్ను బాగయ్యేదాకా ఆవిడ కోతకు వెళ్లదు కాబట్టి ఆ పని ఆవిడకు అప్పగించారు. రోజూ పొద్దున్నే నడిచి వచ్చి, నా బల్ల పక్కన స్టూలు మీద కూర్చుంటుంది. నేను పేరు కొడతాను, ఆవిడ చెవి పెట్టి వింటుంది. మోగకపోతే చీటీ కొంగున ముడేసుకుంటుంది. మోగితే లేచి వెళ్లి చిన్నరాయప్పకు, ఇవాళ ఫలానా తోట వద్దని చెబుతుంది. బసవపున్నారావు గారు చూసి, ఇదేం పద్ధతని అడగబోయి, మీ అమ్మ మొహం చూసి వెనక్కి తిరిగి వెళ్లిపోయారు.

నీకు ఏమైనా రాయమంటావా అని అడిగితే, చెబుతాను రాసుకోమంది. ఆవిడ చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను, నాది ఒక్క ముక్క కూడా లేదు.

"అమ్మాయీ, కన్ను నయంగానే ఉంది. మంట తగ్గింది. ఆరు నెలలు చూత్తామన్నారని దిగులు పెట్టుకోమాక. నువ్వు ఆ తెర మీద పేర్లూ అయ్యీ రాత్తావంట, మావయ్య చూపిచ్చాడు. బానే ఉన్నయ్యి. నాకు చదువు రాదు గదమ్మా, అందులో నా కోసం ఉంది ఆ చప్పుడొక్కటే. అది మళ్లీ తియ్యమాక."